అత్తగారి ముత్తాత కోసం వెతుకులాట

మొన్న మనవరాలు ఒక ప్లాస్టిక్ గొట్టం తెచ్చి నా మూతి దగ్గర పెట్టి, "తాతా, ఇందులో స్పిట్ చెయ్యి, మన యాన్సెస్టర్స్ ఎవరో చెప్తారు" అంది. ఉమ్మి పోసి పోస్టులో పంపితే పూర్వీకులు తిరుగుటపాలో వచ్చేస్తారట. నోరెండిపోయే ఈ వయసులో నాకది పెద్ద పనే అయింది. గొట్టం నిండేలోగా మా అత్తగారు గుర్తొచ్చారు. ఆవిడ తన పూర్వీకుల కోసం ఊళ్ళు పట్టుకు తిరిగిన రోజుల్లో నేనే డ్రైవర్ని.

మా అత్తగారిది యూటా. తరతరాలుగా మోర్మన్లు, క్రైస్తవంలోనే ఒక శాఖవాళ్ళు. వాళ్ళమ్మాయి మిషిగన్‌లో చదువుకుంటూ, అక్కడి కార్ల కంపెనీలో ఇంజనీరుగా ఉన్న నన్ను, అంటే గుంటూరు వాణ్ణి, డెబ్బైల చివర్లో పెళ్ళి చేసుకుంది. అత్తగారు ఒక్క మాట అనలేదు. ఆవిడ బెంగల్లా పరలోకం గురించే. ఆలయంలో ముడిపడిన కుటుంబాలు చనిపోయాక కూడా కలిసే ఉంటాయని వాళ్ళ నమ్మకం. అల్లుడు బాప్తిస్మం పుచ్చుకోలేదు కనక కూతురు అక్కడ తనకు దక్కదేమోనని భయం. దానికీ ఒక దారుంది. చనిపోయినవాళ్ళ తరఫున బతికున్నవాళ్ళు బాప్తిస్మం తీసుకోవచ్చు. "నువ్వు పోయాక నేను చూసుకుంటాగా" అని నాకు ధైర్యం చెబుతూ ఇంకో గరిటెడు బంగాళాదుంపలు వడ్డించేవారు. ఆవిడ నాకంటే ముప్పై ఏళ్ళు పెద్ద. ఆ లెక్క ఎలా కుదురుతుందో నేనెప్పుడూ అడగలేదు.

వాళ్ళింట్లో దేవుడి తర్వాత అంతటివాడు అత్తగారి ముత్తాత. ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చి, భార్యాబిడ్డల సామాను తోపుడు బండి మీద వేసి, ఎడ్లూ గుర్రాలూ లేకుండా తానే లాక్కుంటూ మైదానాలు దాటి, మోర్మన్లంతా తరలిపోతున్న యూటా చేరాడు. అంతటి భక్తుడు వంశంలో మళ్ళీ పుట్టలేదనేవారు. ఏటా జులైలో చుట్టాలంతా పార్కులో చేరి భోజనాలు చేసేటప్పుడు ఎవరో ఒకరు నిలబడి ఆ కథ చెప్పాలి. ఎనభైల మొదట్లో ఒక ఏడు అత్తగారి వంతు వచ్చింది. ముత్తాత బాప్తిస్మం ఎప్పుడు జరిగిందో కనుక్కుని మరీ చెప్పాలని ఆవిడ పట్టుదల. సెలవులకు వెళ్ళిన నేను దొరికాను. లైబ్రరీలో మైక్రోఫిల్ము రీళ్ళు తిప్పీ తిప్పీ నా మెడ పట్టేసింది. చర్చి బాప్తిస్మాల చిట్టాల్లో ముత్తవ్వ పేరుంది, పిల్లల పేర్లున్నాయి, ఆయన పేరు మాత్రం ఎక్కడా లేదు. అత్తగారి మొహం వాడిపోయింది.

ఇక మిగిలింది ఆవిడ మేనత్త. తొంభై దాటిన మనిషి, చిన్నప్పుడు ఆ దంపతుల దగ్గరే పెరిగింది. మేం వెళ్ళేసరికి వాకిట్లో కూర్చుని ఆప్రికాట్లు చీల్చి ఎండబెడుతోంది. నన్ను ఎగాదిగా చూసి ఓ కత్తి నా చేతికీ ఇచ్చింది. అత్తగారు విషయం చెప్పగానే పెద్దావిడ నవ్వింది.

"ఆయన మతంలో చేరందే పేరు రాస్తారేమిటే పిచ్చిదానా? నానమ్మ ఒకసారి అడిగింది, వద్దన్నాడు. ఆవిడ ఇక్కడికి వస్తానంది కాబట్టి బండి లాక్కొచ్చాడు."

పోయాకైనా ఆయన తరఫున ఎవరూ చేయించలేదా అని అత్తగారు నీరసంగా అడిగారు.

"బిషప్ అడిగాడు. నానమ్మ ఒప్పుకోలేదు. నోరున్నప్పుడు వద్దన్న మనిషికి నోరు లేనప్పుడు చెయ్యడం మర్యాద కాదంది. దేవుడు మా ఇద్దర్నీ విడదీసేంత తెలివితక్కువ వాడు కాదు అంది."

తిరుగు ప్రయాణంలో అత్తగారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. ఆవిడ నమ్మకాన్ని నా కారులోనే ఎక్కించుకెళ్ళి పోగొట్టానేమోనని నాకు నిజంగా భయమేసింది. ఇల్లు దగ్గర పడ్డాక, "నమ్మకం ముత్తవ్వది, నడక ఇద్దరిదీ" అన్నారు, తనలో తాను.

పార్కులో ఉన్నదున్నట్టు చెప్పేశారు. అత్తగారి తమ్ముడొకాయన గొంతు సవరించుకుని కేకు కోయడానికి వెళ్ళిపోయాడు. ఆవిడ వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"ఇన్నేళ్ళలో నిన్ను ఒక్కసారీ అడగలేదు. బాప్తిస్మం పుచ్చుకుంటావా?"

"లేదండీ."

"సరే. అయితే నీ తరఫున ఏమీ చెయ్యను. అక్కడ మీ ఇద్దరూ కనిపిస్తారనే నమ్ముతాను. ఆ పని నాది."

నా కళ్ళు చెమర్చాయి. ఎవరి నమ్మకాన్నయినా అంత దగ్గరగా చూడడం నాకదే మొదటిసారి.

మరి కొన్నేళ్ళకు నేనూ ఆవిణ్ణి అడిగాను. మహాలయ పక్షంలో తర్పణాలు విడిచేటప్పుడు అత్తమామల పేర్లూ చెప్పుకోవడం మా ఆచారం, రేపు మీరు పోయాక మీ పేరు చెప్పుకోవచ్చా అని. అందులో ఏమేం ఉంటాయన్నారు. నీళ్ళూ, నువ్వులూ అన్నాను. "నువ్వులు నాకిష్టమే" అన్నారు. గోత్రం తెలియనివాళ్ళకి కాశ్యప గోత్రం చెప్పమన్నారు పురోహితులు. అలా యూటాలో పుట్టి పెరిగిన మా అత్తగారు కాశ్యప గోత్రీకురాలయ్యారు. ఆవిడ పోయి ముప్పై ఏళ్ళవుతోంది. అన్నేళ్ళూ ఎటు పోయాయో గానీ, ఏటా ఆ పేరు పలికే ఒక్క నిమిషం మాత్రం నాకింకా పాతబడలేదు.