గజాలా తినేసిన దిష్టి ఉప్పు

మా చిన్నప్పుడు... అంటే మరీ రాతియుగం కాదులెండి, కరోనా వచ్చిన ఏడాది ఎండాకాలం... షార్జాలో సజ్జా అనే చోటు దాటాక, ఎడారిలో మా కఫీల్... అదే, నాన్నకి వీసా ఇచ్చిన అరబ్బు యజమాని... గుర్రాలశాల ఉండేది. నాన్న గుర్రాల బాగోగులు చూసేవాడు. అమ్మ కఫీల్ వాళ్లింట్లో వంట. మాకు అక్కడే రెండు గదులు.

ఆ రోజు పొద్దున గజాలా నీళ్లు ముట్టలేదు. కఫీల్‌కి ప్రాణంలాంటి ఆడగుర్రం అది. ఒంటి మీద చెమట ఎండి తెల్లగా చారలు కట్టింది... బకెట్ పెడితే మొహం తిప్పేసుకుంటోంది. ఇలాగే ఉంటే పేగులు బిగుసుకుపోయి చచ్చిపోతుందన్నాడు నాన్న. బకెట్ తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ తీశాడు. నాన్న భయపడటం నేను అంతవరకూ చూడలేదు.

"దీనికేమన్నా అయితే మన పని ఖలాస్. విమానాలు కూడా లేవు, ఎక్కడికి పోతాం?" అన్నాడు. గుర్రాల డాక్టరేమో ఫోన్ ఎత్తడు...

"నిన్న కఫీల్ వాళ్ల మేడమ్ దీని ఫొటోలు తీసి ఊరంతా పంపింది కదండీ... దిష్టే!" అంటూ అమ్మ గుప్పెడు కల్లుప్పు తెచ్చింది. రెండోసారి తిప్పుతుండగానే గజాలా మెడ చాచి, గుప్పిట్లో మూతి దూర్చి, ఉప్పంతా నాకేసింది!

"అయ్యో... దిష్టి ఉప్పు తినేసిందండీ!" అమ్మ కెవ్వుమంది. ఆ ఉప్పు తొక్కితేనే కీడంటారు, ఇదేమో మింగేసింది... నేను ఏడుపు లంకించుకున్నాను.

నాన్న మాత్రం కొట్టంలోకి పరిగెత్తాడు. గుర్రం నాకడానికి వేలాడదీసే ఉప్పు గడ్డ కరిగిపోయి, ఉత్త తాడు మిగిలింది. లాక్‌డౌన్‌లో దాణా బండి రాలేదు. ఆ కంగారులో ఉప్పు సంగతి ఎవరికీ పట్టలేదు.

మళ్లీ బకెట్ పెట్టాం. ముగ్గురం బకెట్ వైపే చూస్తూ నిలబడ్డాం... ఎంతసేపో. అమ్మ నా భుజాన్ని గట్టిగా పట్టుకుంది. చివరికి గజాలా మూతి ముంచింది. గుటక... ఇంకో గుటక... నాన్న ఇసకలోనే కూలబడిపోయాడు.

తర్వాత డాక్టరు ఫోన్లో చెప్పాడు... చెమటతో ఉప్పు పోతే గుర్రానికి దాహం కూడా సరిగ్గా వేయదట. రోజూ దాణాలో పెద్ద చెంచాతో రెండు చెంచాల ఉప్పు, మండుటెండల్లో ఇంకాస్త, మినరల్ పొడి వేరే, పక్కన ఎప్పుడూ నీళ్లు. అమ్మ మాత్రం దిష్టి పోయిందనే అంటుంది, ఇప్పటికీ!

ఇప్పుడు షార్జా సిటీలో, రోలాలో ఫ్లాట్లో ఉంటున్నాం. నాన్నది వేరే పని. గజాలా ఎలా ఉందో తెలీదు... వంటింట్లో ఉప్పు డబ్బా సగానికొస్తే చాలు, నాన్న చెప్పాపెట్టకుండా ఇంకో ప్యాకెట్ తెచ్చి పెట్టేస్తాడు.

మీ నాన్న భయపడటం మీరు మొదటిసారి చూసిందెప్పుడు? గుర్తుంటే చెప్పండి...