అవ్వ పెట్టిన సున్నా

మనిషికీ యంత్రానికీ మధ్య జరిగిన ఒక మహాసంగ్రామం గురించి చెబుతాను, అందరూ కాస్త సర్దుకుని కూర్చోండి. నిజానికి సంగ్రామం కాదు. ఒక పైపు పొట్టిగా వచ్చింది, అంతే. కానీ ఆ రోజుల్లో, తొంభైల మొదట్లో, డిప్లొమా ముగించి కొత్తగా ఉద్యోగంలో చేరిన నాకు పొట్టి పైపును మించిన శత్రువు లేదు.

బిజినేపల్లి దగ్గర ఒక సేటు పెట్టిన ప్లాస్టిక్ పైపుల కార్ఖానాలో కొత్త కోత యంత్రానికి కొలత సరిచేసి రమ్మని మా కంపెనీ పంపింది. రంపానికి ఎదురుగా పట్టాల మీద ఒక చిన్న బండి కదులుతుంది. అది ఎంత దూరాన ఆగితే పైపు అంత పొడుగు. కరెంటు వచ్చిన ప్రతిసారీ ఆ బండి ముందు రంపం వైపుకొచ్చి, రేకు మూత కింద ఉన్న ఇనుప దిమ్మెను తాకి, 'ఇదే నా సున్నా' అనుకుంటుంది. ఆ సున్నా నుంచి రంపానికి ఎంత దూరమో కంట్రోలు పెట్టెలో ఒక అంకెగా నొక్కడమే నా పని. అంకె తప్పితే ప్రొబేషన్ కూడా కోతకు పోతుందని మా బాస్ ముందే సెలవిచ్చాడు. (ఆయన మాట మాత్రం ఏనాడూ కొలత తప్పలేదు.)

అంకె పెట్టాను. పైపు సరిగ్గా వచ్చింది. సేటు నా వీపు తట్టాడు, కరెంటు పోయింది. తిరిగి వచ్చాక కోస్తే పైపు పొట్టి. అంకె దిద్దాను, సరిపోయింది. మళ్లీ కరెంటు పోయింది, మళ్లీ పొట్టి. అప్పట్లో మాకు కరెంటు అలిగిన అల్లుడిలా వచ్చి పోతుండేది కనుక, నాకు చేతినిండా పని.

"ఏంది సారూ, పొద్దుగూకేసరికి నా పైపును పిల్లనగ్రోవి చేస్తవా ఏంది?"

"జర ఆగుండ్రి సేటూ, కొత్త మిషను గదా, సర్దుకుంటది."

"అది సర్దుకునుడేమో గానీ నువ్వు సంచి సర్దుకునేటట్టున్నవ్. రేపు పొద్దుగాల గిరాకీ వస్తుండు. అప్పుడు గూడ గిట్లనే అయితే మీ బాసుకు ఫోన్ కొడ్త."

తెల్లారి, గిరాకీ రైతు చూస్తుండగా, మీట నొక్కాను. పైపు ఈసారి బొటనవేలంత పొడుగొచ్చింది! నిన్నంతా తరిగి నేడు పెరిగింది. చంద్రుడికైనా దీనికన్నా పద్ధతి ఉంది. సేటు ఫోను వైపు నడిచాడు.

సరిగ్గా అప్పుడే సేటు వాళ్లమ్మ నలిగిన నిమ్మకాయ ఒకటి పట్టుకుని ఎదురొచ్చింది.

"ఏం మిషనురా ఇది! దిష్టి నిమ్మకాయను పచ్చడి చేసింది. పొద్దుగాల తీసి తాజాది పెట్టిన."

"యాడ పెట్టినవ్ అవ్వా?" గబగబా ఎదురెళ్లి అడిగాను.

"గా రేకు కింద, దిమ్మె కాడ. మిషనుకు పూజ చేసిన నాడు గూడ ఆడనే పెట్టిన. కొత్త బండి చక్రం కింద పెట్టరా? ఇది గూడ బండే గదా!"

కరెంటు వచ్చినప్పుడల్లా బండి ఆ నిమ్మకాయను ఇంకాస్త పిండి, తన సున్నాను రంపం దగ్గరికి జరుపుకుంటోంది. నేను దాని వెనకే అంకెలు దిద్దుకుంటూ పరుగెత్తుతున్నాను.

"జర తియ్యనియ్యి అవ్వా."

"దిష్టి తగిలితే నువ్వొస్తవా బిడ్డా?"

"వస్త. మా కంపెనీ నన్ను పంపేదే గందుకు."

ఆ హామీ మీద నిమ్మకాయ మోటారు మూత మీదికి మారింది. బండి ఇనుమును తాకింది, అంకె నిలిచింది, దాంతోపాటు నా ఉద్యోగమూ. ఇప్పటికీ కొత్త బండి చక్రం కింద నిమ్మకాయ కనబడితే, కొలత టేపు మెడలో వేసుకుని చెమటలు కక్కుతున్న ఆ బక్కపిల్లాడు గుర్తొస్తాడు. ఒకసారి భుజం తట్టి, కూర్చోబెట్టి, టీ తాగించాలనిపిస్తుంది.

అన్నట్టు, గిరాకీ రైతు ఆ పైపులను కొలవలేదు. బోరు కాడ అతికేటప్పుడు ఎట్లయినా రంపంతో కోసుకునేదే గదా అన్నాడు.