సునీత చెబితే పెట్టుకున్న మాస్కు

దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఆయనకు చిన్న కంసాలి దుకాణం ఉంది. పాత బంగారం శుద్ధి చేసేటప్పుడు యాసిడ్‌లోంచి ఘాటైన ఎర్రటి పొగ లేస్తుంది. మాస్కు పెట్టుకోమని పెళ్లయినప్పటి నుంచి పోరుతున్నాను. సాయంత్రం బెల్లం ముక్క తింటే ఛాతీ శుభ్రమవుతుందని ఆయన నమ్మకం. పోనీలే అని రోజూ టిఫిన్ డబ్బాలో ఆ బెల్లం పెట్టేదీ నేనే.

ఈ రోజు డబ్బా తీసుకుని వెళ్తే, మనిషి రెండు ఫిల్టర్ల మాస్కు తగిలించుకుని పని చేస్తున్నాడు. గోడకు పొగను బయటికి లాగే కొత్త ఫ్యాను కూడా తిరుగుతోంది. నాకు ప్రాణం లేచొచ్చింది. అడగకుండా ఉంటే బాగుండేది.

“ఎవరు చెప్పిండ్రు?”

“పక్క గాజుల దుకాణం సునీత. గీ పొగ బెల్లంతోని పోదంట.”

“మరి నేను ఇన్నేండ్లు చెప్పింది ఏంది?”

“నువ్వు కొట్లాడినట్టు చెప్తవ్. ఆమె నిమ్మళంగ చెప్పింది.”

డబ్బాలో బెల్లం తీసి, ఆయన చూస్తుండగానే మొత్తం నేనే తినేశాను.

మీ ఇళ్లలో మీ మాటే ఇంకెవరు చెబితే మీవాళ్లు వింటారు? నేనైతే వచ్చేటప్పుడు సునీత నంబరు తీసుకున్నాను. ఆయన బీపీ మాత్రలు కూడా వేసుకోవడం లేదు మరి.