గురక తగ్గాక తెలిసిన సంగతులు

గ్యాస్ పొయ్యి దగ్గరికి నన్ను రానివ్వకూడదని మా ఇంట్లో నిర్ణయం జరిగినప్పుడు నేను పక్క గదిలోనే కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నాను. నన్నెవరూ అడగలేదు. వరంగల్ బజారులో మాకు కిరాణా దుకాణం ఉంది, దాని మీదే మా ఇల్లు. పెళ్లై వచ్చిన నాటి నుంచి ఆ వంటింట్లో పొద్దున మొదటి మంట పెట్టేది నేనే. అలాంటిది మా ఆయన, కొడుకు, కోడలు ముగ్గురూ మాట్లాడుకుని, ఇక నుంచి వంట కోడలే చేస్తుందని, నేను కూరగాయలు తరిగిస్తే చాలని తేల్చేశారు.

వాళ్ల దగ్గర కారణం లేకపోలేదు. ముందు రోజు నేను నీళ్లు పోయకుండానే కుక్కర్‌లో పప్పు పెట్టి, పక్కనే పీట మీద కూర్చుని నిద్రపోయాను. కింద దుకాణంలో ఉన్న మా ఆయనకు మాడు వాసన వచ్చింది. పక్కనే ఉన్న నాకు రాలేదు.

అప్పటికి రెండేళ్లుగా నా సంగతి అట్లాగే ఉంది. ఎక్కడ కూర్చుంటే అక్కడ కళ్లు మూతపడేవి. బియ్యంలో రాళ్లు ఏరుతూ చాట ఒళ్లో పెట్టుకునే నిద్రపోయేదాన్ని. పక్కింట్లో సత్యనారాయణ వ్రతానికి పిలిస్తే, మొదటి కథకు మూసిన కళ్లు హారతి గంటకు తెరిచాను. చుట్టూ ఉన్న ఆడవాళ్లు భక్తి అనుకున్నారు. నేను కాదనలేదు. పొద్దున లేస్తే రాత్రంతా బస్తాలు మోసినట్టు ఒళ్లు, పగిలిపోయే తల, ఎండిన నోరు. ఫ్రిజ్ తెరిచి, ఎందుకు తెరిచానో గుర్తు రాక, కరెంటు దండగని మూసేసేదాన్ని. కాసేపటికి మళ్లీ వెళ్లి తెరిచేదాన్ని. దుకాణానికి ఏళ్ల తరబడి వచ్చే మనుషుల పేర్లు నోటి దాకా వచ్చి వెనక్కి పోయేవి.

ఆ రోజుల్లో ఇంట్లో నేను ఎక్కువగా విన్న మాట, "చెప్పిన గద, మరిచినవా?" మొదట్లో మా ఆయన ఒక్కరే అనేవారు. తర్వాత కొడుకు, కోడలు కూడా మొదలుపెట్టారు. నేను తల ఊపేదాన్ని. మరిచిపోయిన మనిషి ఏమని వాదిస్తుంది?

పైకి తల ఊపినా లోపల గుబులుగా ఉండేది. తొర్రూరులో మా అక్క చివరి రోజుల్లో నన్ను చూసి "మీదేవూరమ్మా" అని అడిగింది. కూర్చోమని మంచినీళ్లిచ్చి మర్యాద కూడా చేసింది. ఆమెకూ మతిమరుపుతోనే మొదలైంది. పొయ్యి పోతే పోయింది, నేనూ అక్క దారినే పోతున్నానా అన్నది నా భయం. ఎవరికీ చెప్పలేదు. చెప్తే దవాఖానకు తీసుకెళ్తారు. దవాఖాన అంటే ఖర్చు.

చివరికి నా జబ్బు మా ఆయన ఖర్చులోనే బయటపడింది. ఆయనకు షుగర్ ఉంది. హనుమకొండలో ఒక డాక్టరమ్మకు చూపించుకోవడానికి వెళ్తూ నన్నూ వెంట తీసుకెళ్లారు. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. తర్వాత జరిగిందంతా ఆయన చెబితే విన్నదే. నా గురకకు ఎదురు బెంచీ మీద పసిబిడ్డ ఏడుపు మానేసిందట. డాక్టరమ్మ రాస్తున్న చీటీ వదిలేసి బయటికి వచ్చిందట. ఆమె చూస్తుండగానే గురక ఆగిపోయింది, దానితో పాటు ఊపిరి కూడా. ఆమె నా భుజం పట్టుకోబోయేంతలో పెద్దగా ఉలిక్కిపడి మళ్లీ అందుకున్నానట. ఇంట్లో కూడా ఇట్లాగే ఉంటుందా అని ఆమె మా ఆయన్ని అడిగింది.

"రోజు గింతే మేడం," అన్నారు మా ఆయన. "కరెంటు లెక్క. పోతది, మల్ల వస్తది. నాకు అలవాటైంది."

పక్కన పడుకున్న మనిషి ఊపిరి ఆగిపోతుంటే కరెంటు పోయినట్టు ఊరుకున్న మహానుభావుడితో కాపురం చేస్తున్నానని నాకు అప్పుడు తెలిసింది.

వేలికి ఒక క్లిప్పు, ఛాతీకి ఒక పట్టీ, ముక్కుకు సన్నటి గొట్టం పెట్టి ఒక రాత్రి ఇంట్లోనే పరీక్ష చేశారు. గంటకు ఎన్నిసార్లు నా ఊపిరి ఆగుతోందో కాగితం మీద వచ్చింది. ఆ అంకె ఇక్కడ రాయను. ఇది మా వియ్యపురాలు చదువుతుంది.

డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. నిద్రలో నా గొంతు వదులై దారి మూసుకుపోతుందట. ఊపిరి అందక రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది. మెదడు బెదిరి లేచి గొంతు తెరిపిస్తుంది. ఆ మెలకువ నాకు తెలియదు, కానీ మెదడుకు మాత్రం రాత్రంతా కునుకు ఉండదు. పగలు విన్నవీ చూసినవీ మెదడు భద్రం చేసుకునేది ఆ నిద్రలోనేనట. మూడో తరగతితో ఆగిన చదువు నాది. నాకు అర్థమైంది దుకాణం లెక్కలోనే. పగలంతా సరుకు దిగుతుంది. రాత్రి షట్టర్ దించాక దేని అరలో దాన్ని సర్దాలి. సర్దబోయినప్పుడల్లా ఎవరో ఒకరు షట్టర్ బాదుతుంటే బస్తాలు గుమ్మంలోనే పడి ఉంటాయి. పొద్దున గిరాకీ వచ్చి జీలకర్ర అడిగితే, జీలకర్ర ఉంది, ఎక్కడుందో తెలియదు. ఈ మాట చెబితే డాక్టరమ్మ సరిగ్గా అంతేనంది. నిద్ర చాలకపోతే కోపం కూడా పెరుగుతుందంది. అది మాత్రం నేను ఒప్పుకోలేదు. నా కోపం పుట్టింటి నుంచి తెచ్చుకున్నది, జబ్బుకు దానితో సంబంధం లేదు.

ఆయన మందుల చీటీ తీసుకోవడానికి బయటికి వెళ్లినప్పుడు మా అక్క సంగతి అడిగాను. నాదీ అదేనా అని. డాక్టరమ్మ వెంటనే కాదని చెప్పలేదు. ఇట్లాగే ఏళ్ల తరబడి వదిలేస్తే మెదడుకు మంచిది కాదని, అయితే నిద్ర సరిపడా ఉంటే చాలామందికి ఈ మబ్బు విడిపోతుందని చెప్పింది.

"ముందు నిద్రపోండమ్మా," అంది. "అదేదో తర్వాత తేల్చుకుందాం."

నిద్రపోవడానికి ఒక మిషన్ రాసిచ్చింది. పొడుగు గొట్టమున్న మాస్కు ముక్కుకు తగిలించుకుంటే రాత్రంతా గాలి కొట్టి గొంతు మూసుకోకుండా చూస్తుంది. కరెంటు కలిసొస్తుంది, సగం రాత్రి పెట్టుకుంటే చాలదా అని అడిగాను. చాలదంది. పగలంతా ఊరికే పడి ఉంటుంది కదా, ఎవరికైనా కిరాయికి ఇవ్వొచ్చా అని అడిగాను. ఆమె కిటికీ వైపు తిరిగింది. నేను నవ్వించడానికి అడగలేదు.

మాస్కు పెట్టుకున్న నన్ను చూసి మనవరాలు ఏనుగు అంది. ఆ వారం దానికి ఐస్‌క్రీమ్ లేదు. కొత్తలో ఇంట్లో అంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదేమో, మా ఆయనకే నిద్ర పట్టలేదు. నాకు మాత్రం పట్టింది. కొన్ని వారాలకు, లేవగానే తల తేలిగ్గా ఉండడం మొదలైంది. ఒకరోజు మెట్ల మీది నుంచి చూసి, దుకాణం ముందు నిలబడ్డ మనిషిని పేరు పెట్టి పిలిచాను. ఆ మనిషి ఏమీ ఆశ్చర్యపోలేదు. పిలిచిన నేనే ఆశ్చర్యపోయాను.

ఈ సంగతి ఇంట్లో ఇంకా చెప్పక ముందే జిలేబి వ్యవహారం జరిగింది. మధ్యాహ్నం మా ఆయన గోడ వైపు తిరిగి కాగితం పొట్లంలోంచి తింటున్నారు. షుగర్ మనిషికి ఇదేంటని అడిగితే, ఆయన తొణక్కుండా, "పొద్దున నిన్నడిగిన గద, ఒక్కటి తినమంటివి. మరిచినవా?" అన్నారు.

అలవాటు చొప్పున తల ఊపబోయి ఆగాను. ఆ పొద్దున మొత్తం నా కళ్ల ముందు ఉంది. ఆయన ఏ చొక్కా వేసుకున్నారో, టీలో చక్కెర లేదని ఎంతసేపు సణిగారో, కొత్తిమీర అమ్మే ఆమె ఎంత చెప్పిందో, నేను ఎంతకు తీసుకున్నానో అన్నీ ఉన్నాయి. జిలేబి మాట ఎక్కడా లేదు.

"అన్ననేమో," అన్నాను.

ఆ రోజు నుంచి కాపలా కాశాను. నా తల బాగుపడిందని ఎవరికీ చెప్పలేదు. గదికి ఏసీ పెట్టిస్తున్నామని నాకు ముందే చెప్పానన్నాడు కొడుకు. చెప్పలేదు. మా అత్తగారి నాటి ఇత్తడి గంగాళం కనిపించకపోతే, మీరే ఇచ్చేయమన్నారు కదా అంది కోడలు. దానికి బదులు తెచ్చిన స్టీలు డబ్బాలు అటక మీద మెరుస్తున్నాయి. నేను అనలేదు. ఈ రెండేళ్లలో నేను మరిచిపోయినవి కొన్నయితే, మరిచిపోయానని నా పేరున రాసినవి కొన్ని. బాత్రూములో కుళాయి తిప్పి ఏడ్చిన రోజులు గుర్తొచ్చాయి. నీళ్లు కూడా దండగ.

ఒక శనివారం సాయంత్రం ముగ్గురూ టీ తాగుతుంటే, మామూలుగా అన్నాను. "రేపు పాలకుర్తి పోవుడే గద. మొక్కు తీర్సుడున్నదని మీరే అంటిరి. మరిచిన్రా?"

కొడుకు కోడలి వైపు చూశాడు. కోడలు మామ వైపు చూసింది. మామ గోడ మీది క్యాలెండర్ వైపు చూశారు. మిగతా ఇద్దరిలో ఎవరో నాకు మాట ఇచ్చి ఉంటారని ఎవరికి వాళ్లు అనుకున్నారు. నేను మరిచిపోయానని చెప్పే హక్కు వాళ్లకుంది గానీ, వాళ్లు మరిచిపోయామని చెప్పుకునే ధైర్యం ఎవరికీ లేదు. తెల్లారి దుకాణం మూసి, మనవరాలిని పక్కింట్లో వదిలి, నలుగురం పాలకుర్తి బస్సెక్కాం. కారు మాట్లాడదామన్నాడు కొడుకు. మొక్కు బస్సులో వస్తామని కదా అన్నాను. దానికీ తల ఊపాడు.

గుడి మెట్ల మీదుగా గుట్ట ఎక్కుతుంటే సగంలో మా ఆయన ఒక రాయి మీద కూలబడ్డారు. ఆయాసం తగ్గాక నన్ను దగ్గరికి రమ్మని, గొంతు తగ్గించి అడిగారు.

"ఏమే, గీ మొక్కు మాట నిజంగనే అన్ననా నేను? ఎంత ఆలోచించినా యాదికొస్తలేదు. నాక్కూడ నీ లెక్కనే అయితాందా?"

ఇంకో వారం సాగదీద్దామనే నా ఆలోచన. కానీ ఆయన చెయ్యి రాతిని పట్టుకుని ఉంది, నుదుటి మీద చెమట, అది ఎండకు పట్టింది కాదు. తొర్రూరు నుంచి నేను మోసుకొచ్చిన భయమే అది.

"మీరనలే," అన్నాను. "ఎవ్వరనలే. నేనే పుట్టిచ్చిన. గంగాళం ఇయ్యమని నేననలే, జిలేబి తినమని నేననలే. ఎవ్వరేం చెప్పిన్రో, ఏం చెప్పకుంటనే చెప్పినమన్నరో, అన్ని యాదికున్నయి."

ఆయన ముందు గుండెల నిండా ఊపిరి తీసుకున్నారు. కోపం తర్వాత వచ్చింది. మిగతా మెట్లు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కేశారు. కొడుకు మెట్ల వైపే చూస్తూ ఆయన వెనకే పోయాడు. కోడలు మాత్రం నీళ్ల సీసా పట్టుకుని నా దగ్గరే నిలబడింది.

"గంగాళం నేనే ఇచ్చిన అత్తమ్మా. మీరు కోపానికొస్తరని భయమై అట్ల చెప్పిన," అంది. సీసా నా చేతికిస్తూ, "కని ఆ కుక్కర్ మాత్రం నిజమే," అంది.

ఇంటి కోసం భయపడ్డ మనిషి మాట అది. కాదనడానికి లేదు.

"కుక్కర్ నాదే," అన్నాను.

దర్శనం చేసుకున్నాం, దిగాం, బస్సెక్కి ఇంటికొచ్చాం. పొయ్యి సంగతి నేను ఎత్తలేదు. అడిగి తెచ్చుకునేదైతే ఎప్పుడో తెచ్చుకునేదాన్ని.

తెల్లారి వంటింటి గుమ్మంలో నిలబడితే, కోడలు టీకి నీళ్లు పెట్టి పొయ్యి వెలిగించి ఉంది. నా మొహం ఒకసారి చూసింది. తర్వాత బట్టల బకెట్ చేతిలోకి తీసుకుంది.

"మీదికి పోయి ఆరేసొస్త అత్తమ్మా. జర పొయ్యి చూడుండ్రి."

ఆమె మేడ మెట్లు ఎక్కిన చప్పుడు ఆగేదాకా కదలలేదు. గిన్నె అంచులు దాటి మంట పైకి పోతోంది, గ్యాస్ ఎవరో ఊరికే పోస్తున్నట్టు. సగానికి తగ్గించాను. పీట పక్కనే ఉన్నా కూర్చోకుండా, నీళ్లు మరిగేదాకా అక్కడే నిలబడ్డాను.