స్క్రిప్టులో లేని మాట

నా చిన్నప్పుడు, నాకు పదేళ్లున్నప్పుడు, అమీర్‌పేటలో మా అత్తయ్య వాళ్ల హాల్లో ఆదివారం పూట ఉండేవాళ్లు: కాలేజీలో తత్వశాస్త్రం చెప్పే అత్తయ్య, ఆవిడ స్టూడెంట్లు నలుగురు, నాటకానికి ప్రాంప్టింగ్ చేసే, అంటే తెర పక్క నుంచి మాటలు అందించే పక్కింటి అన్న, నేను. ఉండేవి: గోడవారకి జరిపేసిన సోఫా, ప్లాస్టిక్ కుర్చీలు, అట్టతో చేసిన ఒక తలుపు. దానికి బిగించిన గడియ మాత్రం నిజమైనదే.

నాటకం అత్తయ్యే రాసింది. ఊరు వరదలో ఉంది. అపార్ట్‌మెంట్ పై అంతస్తులో ముగ్గురు పెద్దవాళ్లు, ఒక పిల్లాడు చిక్కుకుపోయారు. బయట ఎవరో తలుపు తడుతుంటారు. మునిగిపోతున్న మనిషో, దోచుకోవడానికి వచ్చినవాడో తెలియదు. లోపలివాళ్లు వాదించుకుని అలసిపోయి, చివరికి గడియ దగ్గర నిలబడ్డ పిల్లాడి వైపు తిరుగుతారు. ఆ పిల్లాణ్ణి నేను. తీస్తాను అనాలో తీయను అనాలో స్క్రిప్టులో లేదు.

ప్రతి రిహార్సలూ అక్కడే ఆగేది. ఆ మాట నాటకం రోజే, స్టేజీ మీదే అనాలని అత్తయ్య పట్టుబట్టింది. నాకది అన్యాయం అనిపించింది. ప్రతి లెక్కకీ జవాబు పుస్తకం చివర ఉంటుందని నమ్మే రకం నేను.

ఆవిడ స్టూడెంట్లకి చెప్పేది నా చెవిన కూడా పడేది. కుక్కర్ తయారు చేసేవాడికి అది దేనికో ముందే తెలుసు. మనిషి మాత్రం ముందు పుడతాడు, ఎలాంటివాడో తను చేసే పనుల వల్ల తర్వాత తేలుతుంది. దీన్నే అస్తిత్వవాదం అంటారనేది. ప్రపంచ యుద్ధాల తర్వాత యూరప్‌లో ఈ ఆలోచన నాటకాల్లోకీ, బొమ్మల్లోకీ, సినిమాల్లోకీ వచ్చిందట. ఆ తర్వాత, చివర్లో మంచే గెలిచిందని చూపించి ప్రేక్షకుణ్ణి ఇంటికి పంపడం చాలామంది కళాకారులకి చేతకాలేదట. మన నవలల్లోకీ ఎటూ తేల్చుకోలేని మనుషులు వచ్చి కూర్చున్నారట. నాకు అర్థమైంది ఒకటే, జవాబు ఎవరూ ఇవ్వరని. అన్నం సహించేది కాదు.

అమ్మని అడిగితే తీయమంది. ముక్కూ మొహం తెలియనివాడికి తలుపు తీయడమేంటని నాన్న విసుక్కున్నారు. బయట తట్టే పాత్ర వేస్తున్న స్టూడెంటుని కూడా అడిగాను.

"నేను వానలో తడుస్తున్నోణ్ణి భాయ్, నన్నడిగితే ఎట్ల?" అని నవ్వాడు.

చివరికి పక్కింటి అన్నని పట్టుకుని బతిమాలాను.

"ఫికర్ చెయ్యకు తమ్మీ, నేను అందిస్త" అన్నాడు. ఆ పూట కడుపు నిండా తిన్నాను.

నాటకం రోజు. పంజాగుట్టలో చిన్న హాలు. ఆ ఘట్టం రానే వచ్చింది. అందరూ నా వైపు తిరిగారు. తలుపు చప్పుడవుతోంది. నేను తెర పక్కకి చూశాను. ప్రాంప్టర్ కుర్చీ ఖాళీ. అన్న ముందు వరసలో, అత్తయ్య పక్కన కూర్చుని ఉన్నాడు. స్క్రిప్టు మడిచి ఒళ్లో పెట్టుకుని నన్నే చూస్తున్నాడు. మా ఒప్పందం ఆవిడకి తెలిసిపోయింది.

తీస్తే ఏమవుతుంది, తీయకపోతే ఏమవుతుంది అని లోపల ఒకటే లెక్కలు. తట్టడం నెమ్మదించింది. తర్వాత ఆగిపోయింది.

"తీస్తాను" అన్నాను. గడియ లాగాను. బయట ఎవరూ లేరు.

తెర పడగానే ఏడ్చేశాను. ఆ మనిషి ఏమయ్యాడని అడిగాను. ఆ పాత్ర వేసినతను అక్కడే నిలబడి టీ తాగుతున్నా అడిగాను. ఎంతకీ జవాబు రాకపోతే తట్టడం తగ్గించి వెళ్లిపొమ్మని అత్తయ్య అతనికి ముందే చెప్పిందట. ఆ సంగతి నాకెందుకు చెప్పలేదని నిలదీశాను.

ఆవిడ కొంగుతో నా మొహం తుడిచింది. "తీయడం, తీయకపోవడం, ఈ రెండే అనుకున్నావు నాన్నా. ఊరుకోవడం కూడా నువ్వు చేసిన పనే" అంది.

ఇప్పుడు నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. ఇన్‌పుట్ ఏదీ ఇవ్వకుండా వదిలేస్తే ప్రోగ్రాం ఏం చేస్తుందో ముందు అదే చూస్తాను. మొన్న సోమాజిగూడ ఆస్పత్రిలో నాన్న ఆపరేషన్‌కి డాక్టర్లు నన్ను సంతకం అడిగారు. రేపటి దాకా ఆగుదామా అనుకున్నాను. గుండె దడదడలాడింది. పెన్ను తీసుకున్నాను. సంతకం పెట్టాక కూడా ఆ దడ తగ్గలేదు. తగ్గాలని ఇప్పుడు అనుకోవడం లేదు.

ఆ నాటకం వీడియో ఉంది. తట్టడం ఆగడానికీ, నేను నోరు తెరవడానికీ మధ్య నాలుగు సెకన్లు.