శనగ గుడాలూ, నా ముప్పై ఆరు మార్కులూ

ఆ రోజుల్లో సాయంత్రం నాలుగున్నర అయ్యేసరికి మాకు చదువు మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చేది. సరస్వతీదేవి మీద ఒట్టు, అంతా శనగ గుడాల మహిమ. పటాన్‌చెరులోని మా సర్కారు బడిలో పదో తరగతికి బడి విడిచాక స్పెషల్ క్లాసులుండేవి. ఆకలికి ఎవరూ ఆగడం లేదని హెడ్‌సారు దగ్గర్లోని ఒక ఫ్యాక్టరీ వాళ్ళను బతిమాలితే, వాళ్ళు రోజూ ఉడికించిన శనగలు, పైన ఉల్లిగడ్డ ముక్కలు పంపడం మొదలుపెట్టారు. (అంతకుముందు గోడ దూకి పారిపోయిన మేమే, ఆ తర్వాత ముందు బెంచీ కోసం కొట్టుకున్నాం.)

రెండు నెలలకు ఫ్యాక్టరీ మేనేజర్ వచ్చి మార్కుల లిస్టు చూశాడు. "ఇంత ఖర్చు పెడ్తున్నం గదా సార్, మాల్ ఏది? వచ్చే లెక్కల టెస్టుల ఒక్క రిజెక్ట్ పీసు గూడ ఉండొద్దు. ఉంటే గుడాలు బంద్" అన్నాడు. క్లాసంతా ఒక్కసారిగా వెనక్కి తిరిగి నన్ను చూసింది. లెక్కల్లో నాకు అప్పటిదాకా వచ్చింది నూటికి తొమ్మిది. (అందులో రెండు జాలికి.)

ఇక ఆ వారం నా బతుకు నాది కాదు. కుళాయి దగ్గర ఒకడు సూత్రాలు అప్పజెప్పించుకునేవాడు, ఆటోలో ఇంకొకడు. మా క్లాస్ లీడర్ పిల్లయితే ఆదివారం ఏకంగా ఇంటికే వచ్చింది. "ఆంటీ, వీన్ని రెండు గంటలు బయటికి పోనియ్యకుండ్రి" అంది. మా అమ్మ "రెండేంది బిడ్డా, తాళమేసుకో" అంది.

"గట్ల సూస్తవేందిరా? ఎక్స్ విలువ చెప్పు."

"గుడాలకు, ఎక్స్‌కు ఏం సంబంధమే?"

"నువ్వు ఫెయిలైతే అందరికీ గుడాల్లేవ్. సమజైందా?"

జీవితంలో నాకు సమజైన మొదటి సమీకరణం అదే.

ముప్పై ఆరు వచ్చాయి! పాసుకు కావలసినవి ముప్పై ఐదు. నన్ను భుజాల మీదికెత్తుకుని గ్రౌండంతా తిప్పారు. హెడ్‌సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. మేనేజర్ లిస్టు చూసి హెడ్‌సారు చెయ్యి పట్టుకుని ఊపేస్తూ, "శభాష్ సార్! అందరు పాసైన్రంటే ఇగ ఈడ మా పనైపోయినట్టే. రేపటి సంది ఈ పైసలు ఇంకో బడికి పెడ్తం, ఆడ పిల్లలు మస్తు వీక్" అన్నాడు.

నన్ను మోస్తున్న భుజాలు మెల్లగా వంగాయి.

"ఫెయిలైతే బంద్, పాసైనా బందేనా? మరెందుకురా సదివినం?" అంది లీడర్.

"గా ముచ్చట నేను జూన్ల నుంచే మొత్తుకుంటున్న గదనే!" అన్నాను. ఆమెకు నవ్వాగలేదు, తర్వాత ఎవరికీ ఆగలేదు.

ఆ ఏడే బడి వదిలేశాను. క్లాసుకు క్లాసు నా పాసు కోసం అంత పరేషాన్ కావడం మళ్ళీ ఎన్నడూ జరగలేదు. గుడాల కోసమేనని వాడికీ తెలుసు, ఆ ముప్పై ఆరు మార్కుల మొనగాడికి. అయినా ఆ భుజాల మీద నుంచి దిగడానికి వాడు ఎంత ఆలస్యం చేశాడో తలచుకుంటే, ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది.