స్వర్ణకుమారి కొట్టు మీద అర్జీ

మా స్వర్ణకుమారి ఒక్క కేక వేసి బొగ్గు గూడ్సును ఆపేసింది. నిమ్‌పురా రైల్వే యార్డులో, పట్టపగలు, యాభై ఎనిమిది వ్యాగన్లు.

సరే, అప్పటికే సిగ్నలు ఎరుపు మీద ఉంది. ఇంజను నడిపేవాడు మా ఏలియా, అతనికి దాహంగానూ ఉంది. కేక మాత్రం నిజం. ఆమె కొట్టు ముందు నిలబడి పిలిస్తే యార్డు చివరి షెడ్డులో స్పానర్లు కిందపడేవి.

కొట్టంటే, బెంగాలీల మధ్య మా తెలుగు రైల్వే కాలనీలో సారా కొట్టు. భర్త వెంకటరావు లైసెన్సు మీద నడిపేవాడు. ఎనభై రెండులో అతను కామెర్లతో పోతే లైసెన్సు ఆమె పేరుకు మారింది. రేకుల కప్పు, నాలుగు బల్లలు, గుమ్మానికి ఆకుపచ్చ తెర. సాయంత్రం వర్క్‌షాపు సైరన్ మోగిన అరగంటలో బల్లలు నిండేవి. బంగ్లా సారా, ఉడికించిన సెనగలు, ఉల్లిపాయ ముక్కలు, దొరికిన రోజు మెత్తళ్ళ చేపల వేపుడు. చేతుల గ్రీజు సబ్బుతో కడుక్కుని చూపిస్తే గాని గ్లాసు ఇచ్చేది కాదు. మూడో గ్లాసు అడిగినవాడిని ఒకటే ప్రశ్న వేసేది: "ఈయాల ఇంట్లో ఏటి కూర?"

చెప్పలేనివాడికి మూడో గ్లాసు లేదు, ఇంటికే. ఒక బెంగాలీ గార్డు రోజూ "చేపల పులుసు" అని చెప్పి నెట్టుకొచ్చేవాడు. ఒకరోజు ఆమె గ్లాసు లాగేసుకుంది. "దాదా, ఈయాల లక్ష్మివారం. మీ ఇంట్లో దీదీ సేప ముట్టదు. ఎల్లు, ఎల్లి ఏటి వండిందో సూసుకో."

నేను రైల్వే ఆఫీసులో గుమాస్తాను. కాన్వెంట్‌లో సిస్టర్లు వేళ్ళ మీద స్కేలుతో కొట్టి నేర్పిన వాలు దస్తూరీ ఒక్కటే నా ఆస్తి. కొట్టు గోడ మీద "ఇక్కడ ఉమ్మరాదు" అన్న ఇంగ్లీషు బోర్డు కూడా నా చేతిరాతే. దాని కిందే కూర్చుని పదేళ్ళు తాగాను.

తొంభై మూడుకి కాలనీ మారిపోయింది. ఇళ్ళల్లోకి కేబుల్ టీవీ వచ్చింది. బజారులో నల్లద్దాల ఏసీ బారు వచ్చింది. దాంతోపాటు మా అందరికీ పరువు కూడా వచ్చింది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి పెద్ద సుందర్ రాజు మగవాళ్ళనందరినీ ఆపాడు.

"సర్చికెల్లే దారిలో సారా కొట్టేటి? సిగ్గులేదా మనకి? అర్జీ పెడదాం. సమూయేలూ, నీ అంత ఇంగ్లీషు మనలో ఎవుడికొచ్చు?"

బలవంతం చేశారని చెప్పుకోవాలని ఉంది. చెయ్యలేదు. ఆ ఒక్క పొగడ్తకే కరిగిపోయాను. గుమ్మంలో నా భార్య ఎమిలీ నిలబడి చూస్తోంది కూడా. ఇరవై నిమిషాల్లో అర్జీ తయారైంది. ఈ పాపకూపం, 'డెన్ ఆఫ్ వైస్', మా యువతను మింగేస్తోందని ఇంగ్లీషులో దంచేశాను. ఆ కొట్టులో అందరికన్నా కుర్రాడు ఏలియా, అతనికి నలభై ఆరు.

ఇరవై ఆరుగురు సంతకాలు పెట్టారు. అందులో పంతొమ్మిది మంది ఆమె బల్లల మీద కూర్చునేవాళ్ళే. ఏలియా సంతకం పెట్టి నా చెవిలో అడిగాడు: "బావా, 'వైస్' అంటే ఏటి?"

"నువ్వే," అన్నాను.

మూడు వారాల తరవాత, సైరన్ మోగాక, నిండు కొట్టులో ఆమె నా ముందు ఒక కవరు పెట్టింది. లైసెన్సు ఆఫీసు నోటీసు. వెనకాల మా అర్జీ జిరాక్సు.

"పదిహేను రోజుల్లో జవాబు రాయాలంట. అందులో ఏటుందో సదివి సెప్పన్నియ్యా."

సెనగలు నమిలే చప్పుడు ఆగిపోయింది. నా ఉత్తరాన్ని నేనే ఆమెకు తెలుగులో చెప్పాల్సి వచ్చింది.

"కొంచెం సందడిగా ఉంటోందని రాసినారు."

"ఇంత కాయితానికి అంతేనా?"

"ఇంగ్లీషు అంతే. కాస్త పొడుగు."

"సంతకాలు ఎవులివి?"

"జిరాక్సులో సరిగ్గా పడలేదు."

ఏలియా దగ్గాడు. మిగతావాళ్ళు గ్లాసుల్లోకి చూస్తూ కూర్చున్నారు. ఆమె కాగితం తీసుకుని ఒక వరుస కింద తడి వేలు నడిపింది.

"అచ్చరాలు మాత్రం ముత్తేల్లాగున్నాయి," అంది.

ఆమెకు చదువు రాదు, కళ్ళున్నాయి. నా నెత్తి మీద గోడకు అవే అక్షరాలు. ఆమె అటు చూడలేదు. నేనూ చూడలేదు.

"జవాబు నువ్వే రాయన్నియ్యా. నీకంటే బాగా ఎవులు రాత్తారు?"

రాశాను. అర్జీ కన్నా నాకు ఎక్కువ సిగ్గు దీనికే. రెండు కాగితాలూ ఒకే ఫైలులో పడతాయి. దస్తూరీ పోల్చితే జవాబూ నాదేనని సుందర్ రాజుకు తెలుస్తుంది, ఆ పూటే ఎమిలీకి తెలుస్తుంది. అందుకని ఎడమచేత్తో, మూడో తరగతి పిల్లాడిలా పెద్దక్షరాలతో, కావాలని తప్పులు పెట్టి రాశాను. సబ్బు సంగతి, కూర సంగతి, ఇంటికి పంపేసిన మగవాళ్ళ సంగతి అన్నీ నాకు తెలుసు. ఒక్కటీ రాయలేదు. బీద విధవను, దయచూడండి అని నాలుగు ముక్కలు. ఆమె కింద వేలిముద్ర వేసి, ఆరడానికి ఊదింది. ఆరోజు మెత్తళ్ళ వేపుడు అడక్కుండానే నా ముందు పెట్టింది. తిన్నాను.

లైసెన్సు మళ్ళీ ఇవ్వలేదు. ఏప్రిల్లో ఆకుపచ్చ తెర దింపేసింది. కేక వెయ్యలేదు. మేమందరం నల్లద్దాల బారుకు మారిపోయాం. అక్కడ ఎన్నో గ్లాసని ఎవరూ అడగరు. ఆమె పక్కనున్న హిజ్లీలో కాలేజీ కుర్రాళ్ళ మెస్సులో వంటకు కుదిరిందని విన్నాను.

తొంభై ఎనిమిదిలో రిటైరయ్యాక సైకిలు మీద వెళ్ళాను. మెస్సు వెనక అరుగు మీద కత్తిపీట ముందు కూర్చుని కాకరకాయలు తరుగుతోంది. జుట్టంతా నెరిసింది. ఐదేళ్ళుగా కూడబెట్టుకున్న మాటలు నిలబడే చెప్పేశాను. అర్జీ నాది, జవాబూ నాదే, ఎడమచేత్తో రాసినాను, క్షమించు అన్నాను.

ఆమె తరగడం ఆపలేదు.

"ఏ అర్జీ?"

"నీ కొట్టు మూయించినది."

"నా కొట్టు ఎవులూ మూయించలేదు. మోకాళ్ళు నొప్పులొచ్చి నానే మూసినాను."

"నోటీసు నా ముందు పెట్టినావు కదా స్వర్ణం. నేనే చదివినాను."

"నాకు నోటీసెవులిచ్చినారు?" ఒక కాయ చీల్చి గింజలు తీసి పారేసింది. "నువ్వు సర్చి మనిషివి. నా కొట్టు గుమ్మం నువ్వెప్పుడు తొక్కినావు? ఒక్కరోజు కూడా నాను నిన్నక్కడ సూల్లేదు."

"స్వర్ణం..."

"కతలు బాగా సెప్తావని ఎమిలీ వొదిన అనేది. ఇది మాత్రం వట్టి అబద్ధం. ఎవులి దగ్గిరా సెప్పకు."